ఖాదర్ ఎక్కిన ఓడ ఏ దేశానిది?

1949 వానాకాలం, సికింద్రాబాద్. పోలీస్ యాక్షన్ జరిగి ఏడాది కావస్తోంది. నేను గుమాస్తాగా పనిచేసిన కచేరీ పేరు చెప్పను. చెబుదామన్నా ఏ పేరు చెప్పాలో తేల్చుకోలేను. రెండేళ్లలో దాని బోర్డు మూడుసార్లు మారింది. లోపలి మనుషులూ, బల్లలూ, గోడ మీద బల్లులూ మాత్రం పాతవే.

సికింద్రాబాద్ వాళ్లకు ఇలాంటివి కొత్త కాదు. మా నాన్న మిషన్ బడిలో పంతులు, గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాడు. ఆయన వరండాలో ఒకే పడక్కుర్చీలో కూర్చుని కంటోన్మెంటు ఇంగ్లీషు దొరల కింద పేపరు చదివాడు, దొరలు ఊరిని తిరిగి అప్పగించాక నిజాం కింద చదివాడు, ఆ తర్వాత మిలిటరీ గవర్నరు కింద చదివాడు. కుర్చీ అంగుళం కదల్లేదు. ఎవరైనా "మీది ఏ దేశం మాస్టారూ?" అని అడిగితే, "నిన్నటి పేపరా, ఇవాళ్టి పేపరా?" అని అడిగేవాడు.

ఆ ఇంట్లో పెరిగిన నాకు ఏ దేశానికి చెందినవాడెవడో తేల్చే సెక్షన్‌లో ఉద్యోగం వచ్చింది. నేను బి.ఏ. ప్యాసయ్యాను. లా రెండేళ్లు చదివి మానేశాను. మానేయడానికి కారణం అడిగితే ఆర్థిక పరిస్థితులు అని చెప్పేవాణ్ని. పరీక్ష పేపర్లు దిద్దినవాళ్లు ఇంకోటి చెప్పేవారు.

గుమాస్తా పని తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఫైలులో ఒకవైపు ఉత్తరాలుంటాయి, రెండో వైపు నోటు ఉంటుంది. అర్జీలో ఏముంది, రూలు ఏమంటోంది, ఏం చేయవచ్చు అని గుమాస్తా అక్కడ రాస్తాడు. కింద ఆఫీసరు సంతకం పెడతాడు. అధికారం సంతకానిదే అయినా, తొంభై పాళ్లు ఆ సంతకం నోటు ఎటు వాలితే అటే వాలుతుంది. పాతికేళ్లు దాటని కుర్రవాడి చేతికి ఇంత బలం ఇవ్వకూడదు. నాకిచ్చారు.

మా పాత ఆఫీసరు సాహెబుకు హాస్యమంటే ప్రాణం. వాన పడుతుంటే కిటికీ దగ్గర ఇరానీ చాయ్ తాగుతూ నా నోట్లు పైకి చదివించుకునేవాడు. "దాస్ మియా, గిదొక్కటే ఈ కచేరీల చదవతగ్గ చీజు" అనేవాడు. ఆ మెచ్చుకోలు నా తలకెక్కింది. ప్రతి నోటులోనూ ఒక చమత్కారం ఉండాలని నియమం పెట్టుకున్నాను. ఉర్దూ ఫైళ్లన్నీ ఇంగ్లీషులోకి మారుతున్న రోజులు. ఊదారంగు కాపీయింగ్ పెన్సిలు నాలుకకు అద్దుకుని రాయడం, ఎర్ర లేసు ముడి, ఎవరూ లాగని పంకా తాడు, ఇవన్నీ తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఆ గది వాసన వస్తుంది. తడిసిన కాగితమూ, గంజి జిగురూ కలిసిన వాసన.

అప్పుడు వచ్చింది షేక్ ఖాదర్ ఫైలు.

ఖాదర్‌ది బన్సీలాల్‌పేట్. ఓడల్లో భండారీ, అంటే వంటవాడు. నలభై దాటిన మనిషి. పద్దెనిమిదేళ్లుగా బొంబాయి వెళ్లి ఓడ ఎక్కడం, ఏడాదికో ఏడాదిన్నరకో తిరిగి రావడం. అతని అర్జీ చిన్నదే. మళ్లీ ఓడ ఎక్కాలంటే బొంబాయిలో ఓడ పనివాళ్లను చేర్చుకునే ఆఫీసువాళ్లు ఇప్పుడు కొత్తగా ఒక కాగితం అడుగుతున్నారు. ఇతను హైదరాబాద్ స్టేట్ వాడే, పాకిస్తాన్‌కు వలస పోయినవాడు కాదు అని మా కచేరీ రాసివ్వాలి. నెల రోజుల్లో తీసుకెళితే భండారీ పని అతనిది. లేకపోతే ఇంకొకరిది.

అర్జీకి జతగా అతని డిస్చార్జి బుక్కు ఉంది. ఓడవాడికి అది జాతకం లాంటిది. ఎక్కిన ప్రతి ఓడకూ ఒక వరుస ఉంటుంది. ఓడ పేరు, దాని రిజిస్ట్రీ రేవు, నడవడి ఎలా ఉందో ఒక ముద్ర. పద్దెనిమిదేళ్లూ 'వెరీ గుడ్' అనే ముద్రలే. చివరి వరుసలో రిజిస్ట్రీ రేవు దగ్గర 'కరాచీ' అని ఉంది.

మనిషికి ఉన్నట్టే ఓడకూ జాతీయత ఉంటుంది. ఏదో ఒక దేశపు రేవులో దాని పేరు నమోదు కావాలి, ఆ దేశపు జెండా ఎగరేయాలి, వెనక భాగాన ఓడ పేరు కింద ఆ రేవు పేరు రాయాలి. రెండు జెండాలున్న ఓడను సముద్రం మీద ఎవరూ నమ్మరు. ఇదంతా నేను లా కాలేజీలో చదివినదే. ఆ చదువు ప్రదర్శించే అవకాశం అంతవరకూ రాలేదు. సముద్రమే లేని స్టేటులో ఓడల లా చదివినవాడి ఆకలి మీరు ఊహించుకోవచ్చు.

నోటులో ఇలా రాశాను: "ఓడ ఏ జెండా ఎగరేస్తే ఆ దేశపు నేల తేలుతూ పోతున్నట్టే అని అంతర్జాతీయ న్యాయం చెబుతుంది. ఆ లెక్కన అర్జీదారు పది నెలల పాటు పాకిస్తాన్‌లో ఉల్లిపాయలు తరిగాడు."

రాసి, రెండుసార్లు చదువుకుని, తృప్తిగా ఫైలు పైకి పంపాను. కింద 'సర్టిఫికెట్ ఇవ్వవచ్చు' అని రాయడం కూడా మరిచిపోయాను. సాహెబు నవ్వుతాడు, ఫైలు తిరిగొస్తుంది, అప్పుడు రాద్దాంలే అనుకున్నాను.

సాహెబు నవ్వలేదు. ఆ వారమే ఆయనకు బదిలీ అయింది. ఆ కుర్చీలోకి మద్రాసు రాష్ట్రం నుంచి డిప్యుటేషన్ మీద సుబ్బారాయుడు గారు వచ్చారు. రాజమండ్రి వైపు మనిషి. ఇస్త్రీ చెదరని తెల్లకోటు. ఫైలులో రాసిన ప్రతి మాటా రాసినవాడు నమ్మే రాశాడని అనుకునే మనిషి. అలాంటివాళ్లు ఉంటారని నాకు అంతవరకూ తెలియదు.

ఆయన నా వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసి రాశారు: "పది నెలలు పాకిస్తాన్ భూభాగంలో నివాసం. వలస పోయినవాడిగా పరిగణించాలి. కస్టోడియన్‌కు తెలియజేయండి."

కస్టోడియన్ అంటే, పాకిస్తాన్ వెళ్లిపోయినవాళ్ల ఇళ్లూ వాకిళ్లూ సర్కారు తరఫున స్వాధీనం చేసుకునే అధికారి. ఆ ఫైలు నా బల్ల మీదికి తిరిగి రాలేదు. నేరుగా అటే వెళ్లింది. నాకు తెలిసింది పదో రోజున, ఖాదర్ ఒక నోటీసు చేత్తో పట్టుకుని నా బల్ల ముందు నిలబడ్డప్పుడు. తలుపు మీంచి పీకిన కాగితం. వెనక జిగురు ఇంకా పచ్చిగా ఉంది.

"సాబ్, నేను పాకిస్తాన్‌ల ఉన్ననంట. ఇల్లు సర్కారుకు పోతదంట. పదిహేను రోజులల్ల జవాబియ్యాలంట" అన్నాడు. గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని వచ్చినట్టు అడిగాడు: "ఎప్పుడున్న సాబ్ నేను ఆడ? నాకు యాదికి లేదు."

నోటీసు చదివాను. అందులో నా వాక్యం ఉంది. ఉల్లిపాయలు మాత్రం తీసేశారు.

"మీ ఓడ కరాచీది కదా" అన్నాను.

"నేను ఎక్కినప్పుడు బొంబాయిది సాబ్. కొలంబోల నిలబడ్డప్పుడు మాలిక్ మారిండు. కరాచీ సేటు కొన్నడు. వెనకకు ఇద్దరు తాళ్లకు పలక కట్టుకోని యాలాడుకుంట బొంబాయి అనేది గీకిండ్రు, కరాచీ అని రాసిండ్రు. పొద్దుగాల షురూ చేసిండ్రు, మధ్యాన్నం జొహర్ నమాజ్ యాళ్లకు అయిపోయింది. ఆళ్లిద్దరికి నేనే చాయ్ ఇచ్చిన. ఓడకు రంగేసిండ్రు సాబ్. నాకు ఎయ్యలే."

ఆ మాటకు మామూలుగా అయితే నేను నవ్వేవాణ్ని.

"నడి సముద్రంల ఉండంగ రేడియోల చెప్పిండ్రు, హైదరాబాద్‌కు మిలిటరీ వచ్చిందని" అన్నాడు ఖాదర్. "ఇంటిది ఒక్కతే ఉండె. ఆర్నెల్లు ఖబరు లేకుండె. బొంబాయిల దిగి, రైలెక్కి, ఇంటికొచ్చి తలుపు కొడ్తే తీసింది. అంతే సాబ్, నాకింకేం వద్దనిపిచ్చింది. గిప్పుడు అదే తలుపుకు కాయితం అంటిచ్చిండ్రు."

అతన్ని కూర్చోబెట్టి డిస్చార్జి బుక్కు మళ్లీ తెరిచాను. చివరి వరుసలో ఇంకో రెండు గళ్లున్నాయి. పనిలో చేరిన చోటు: బొంబాయి. పని విడిచిన చోటు: బొంబాయి. మొదటిసారి చూసినప్పుడూ అవి అక్కడే ఉన్నాయి. కరాచీ మాట దొరికాక నేను మిగతాది చదవలేదు.

ఆ సాయంత్రం లా కాలేజీ స్నేహితుడి దగ్గరికి వెళ్లి పాత పుస్తకం అడిగి తెచ్చాను. 'తేలే నేల' అనే మాట ఉన్న పేజీ నాకు బాగా గుర్తు. తర్వాతి పేజీ తిప్పిన గుర్తు లేదు. అక్కడ ఉంది అసలు సంగతి. అది పోలిక మాత్రమే, నేల కాదు. ఓడలో తగువు వస్తే ఏ దేశపు చట్టం చూడాలో చెప్పడానికి వాడే మాట. ఓడ ఎక్కినంత మాత్రాన ఎవరి జాతీయతా మారదు. మారేటట్టయితే ప్రపంచంలోని భండారీలందరికీ ఏడాదికో దేశం వచ్చేది. ఒక్క పేజీ. నేను రెండో ఏడు పరీక్ష ఎందుకు తప్పానో కూడా అప్పుడే అర్థమయింది.

మర్నాడు, నోటీసుకు జవాబుగా పెట్టే వాంగ్మూలం రాసుకోవడానికి బన్సీలాల్‌పేట్ వెళ్లాను. రెండు గదుల పెంకుటిల్లు. తలుపు మీద జిగురు మరక. ఖాదర్ భార్య హుస్సేన్‌బీ నన్ను గడపలోనే ఆపింది.

"మా ఆయన్ని పాకిస్తాన్ తోలిన బాబువి నువ్వేనా?"

అవునన్నాను. కాదనడానికి దారి కనిపించలేదు.

"మిలిటరీ వచ్చిన దినాలల్ల గల్లీల సగం మంది ఎటో పోయిండ్రు. నన్ను సుత రమ్మన్నరు. నేను పోలే. ఓడ మీద పోయినోడు వచ్చి తలుపు కొడ్తే ఎవరు తియ్యాలె అని ఈడనే కూసున్న. తుపాకులకు పోనిదాన్ని, నీ కలానికి పొమ్మంటవా బిడ్డా?"

చమత్కారంగా జవాబు చెప్పగలవాడినని నాకు ఊళ్లో పేరుంది. ఆ పేరు ఆ గడప దగ్గర పని చేయలేదు. ఆవిడే, "నిలబడ్డవేంది, కూసో. చాయ్ తాగి రాయి, జెర మంచిగ రాయి" అంది.

ఖాదర్ చెబుతుంటే రాసుకున్నాను. చివరికి భయపడుతున్న ప్రశ్న అడిగాను. "కరాచీలో ఓడ ఆగిందా?"

"ఆగింది. నాల్గు దినాలు."

"మీరు దిగలేదు కదా?"

"దిగిన సాబ్. ఒక్కసారి. రెండు గంటలు. చింతపండు అయిపోయిందని బజారుకు పోయిన."

కలం ఆపాను. సుబ్బారాయుడు గారికి ఆ రెండు గంటలు చాలు. "ఖాదర్ భాయ్, దిగినట్టు మీ బుక్కులో ఎక్కడా లేదు. ఈ మాట రాయకపోతే..."

"ఎట్ల రాయకుంటవ్? దిగిన కదా."

"చింతపండు కోసం ఇల్లు పోగొడ్తవా?" హుస్సేన్‌బీ లోపలి నుంచి అరిచింది. "నోరు మూస్కోరాదు, రాస్తనే లేడు ఆయన!"

ఖాదర్ ఆవిడ వైపు చూడలేదు. "సాబ్, నేను సముద్రం మీద బతికేటోణ్ని. అబద్ధం చెప్పి కాయితం తీస్కోని ఓడెక్కితే, గాలి లేసినప్పుడల్లా అదే యాదికొస్తది. రాయి. దిగిన."

రాశాను. నా ఉద్యోగంలో అంత బరువుగా కదిలిన వాక్యం ఇంకోటి లేదు.

రెండు రోజుల తర్వాత సుబ్బారాయుడు గారి గదిలో విచారణ. ఖాదర్ ఉతికిన షేర్వానీ వేసుకుని తలుపు పక్కన నిలబడ్డాడు. నేను పుస్తకం, డిస్చార్జి బుక్కు, వాంగ్మూలం బల్ల మీద పెట్టి, రాత్రంతా బట్టీ పట్టిన మాట చెప్పాను.

"అయ్యా, తేలే నేల అని నేను రాసింది తప్పు. పుస్తకంలో తర్వాతి పేజీ చూడకుండా రాశాను. ఉల్లిపాయల సంగతి... పాత ఆఫీసరు గారు నవ్వుతారని రాశాను."

ఆయన కళ్లజోడు తీసి నా వైపు చూశారు. "నవ్వుతారనా?"

"అవునండి."

"ఫైలులో?"

"అవునండి."

"మరి నవ్వాల్సిన చోట మార్జినులో గుర్తు పెట్టాలి కదయ్యా" అన్నారు నిదానంగా. "నేను కొత్తవాణ్ని. సంతకం పెట్టేశాను."

ఆయన పుస్తకంలోని రెండు పేజీలూ చదివారు. డిస్చార్జి బుక్కులో అన్ని గళ్లూ వేలు పెట్టి చూశారు. తర్వాత వాంగ్మూలం తీసి చివరి పేజీ దగ్గర ఆగారు.

"ఓడ సంగతి సరే. ఓడ మీద ఉన్నవాడు పాకిస్తాన్‌లో ఉన్నట్టు కాదు, ఒప్పుకుంటాను. మరి ఇదేమిటి? ఖాదర్, కరాచీలో దిగావా?"

"దిగిన హుజూర్."

"అక్కడ మీ వాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"మా గల్లీలకెల్లి పోయినోళ్లు ఇద్దరు బజార్ల కలిసిండ్రు. ఉండిపోరాదు, ఇల్లిస్తరు, పని దొర్కుతది అన్నరు."

ఈ మాట నాకు చెప్పలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు.

"ఉండిపోలేదే?" అన్నారు సుబ్బారాయుడు గారు.

ఖాదర్‌కు ఆ ప్రశ్న వింతగా తోచినట్టుంది. "ఎట్ల ఉంట హుజూర్? పొయ్యి మీద పప్పు పెట్టొచ్చిన."

"ఏమిటి?"

"ఓడల. కందిపప్పు. చింతపండు లేదని సూస్కోని, సన్న సెగ మీద పెట్టి ఉరికిన. మాడితే సారంగు ఊకోడు. నలభై మంది తినాలె."

సారంగు అంటే ఓడ పనివాళ్లకు పెద్ద. ఆ సంగతి వివరిద్దామని నేను నోరు తెరిచాను. సుబ్బారాయుడు గారు చెయ్యెత్తి ఆపారు. ఆయన మొహంలో మొదటిసారి ఏదో కదిలింది. నవ్వు అనడానికి నాకు ధైర్యం చాలదు.

"దాసూ, డొమిసైల్ అంటే ఏమిటి?"

"మనిషి ఎక్కడికి వెళ్లినా తిరిగి వచ్చేదెక్కడికి అనుకుంటాడో ఆ చోటండి."

"వలస పోయాడనాలంటే?"

"తిరిగి రాకూడదనుకుని వెళ్లాలండి."

"ముప్ఫై ఏళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను. పొయ్యి మీద పప్పు పెట్టి వలస పోయినవాణ్ని చూడలేదు. కాగితం తీసుకో."

ఆయన చెప్పింది నేను రాశాను: "ఓడ యాజమాన్యం మారడంతో దాని జాతీయత మారింది. అందులో పనిచేసేవాడి జాతీయత దానితో మారదు. అర్జీదారు బొంబాయిలో ఎక్కి బొంబాయిలో దిగాడు. కరాచీలో రెండు గంటలు దిగినా, వంట మధ్యలో వదిలి సరుకు కోసం వెళ్లి తిరిగి ఓడ ఎక్కాడు. స్థిరపడే ఉద్దేశం లేదు. మునుపటి ఉత్తర్వు రద్దు. నోటీసు వెనక్కి తీసుకోవాలి. సర్టిఫికెట్ ఇవ్వాలి." నేనిన్నాళ్లూ నవ్వించాలని రాసిన నోట్లన్నిటికంటే ఆ నోటు బాగుంది. ఆయన నవ్వించాలని చెప్పలేదు.

సర్టిఫికెట్ టైపు చేసేటప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. 'జాతీయత' అనే గడి. నిజాం ప్రజ అని రాసే రోజులు పోయాయి. బ్రిటిషు రక్షణలో ఉన్నవాడు అందామంటే బ్రిటిషువాళ్లే లేరు. ఇండియా పౌరుడు అందామంటే ఆ చట్టం ఇంకా పుట్టలేదు. నేనూ సుబ్బారాయుడు గారూ చాలాసేపు ఆ గడి వైపు చూశాం. చివరికి ఆయన, 'సికింద్రాబాద్ నివాసి, హైదరాబాద్ స్టేట్, ఇండియా' అని రాయించారు. అది చిరునామా. జాతీయత గడిలో పెట్టాం.

ఖాదర్ కాగితం చేతిలోకి తీసుకుని చదివించుకున్నాడు. "అయితే నేను ఏ దేశపోణ్ని సాబ్?"

"ఢిల్లీలో ఇంకా రాస్తున్నారు" అన్నాను. అది చమత్కారం కాదు. నిజంగానే రాస్తున్నారు.

"మంచిగ రాయమను" అన్నాడు ఖాదర్. సలాం చేసి, మోండా మార్కెట్‌లో ఇంటికేవో కొనాలంటూ వెళ్లిపోయాడు. గడువుకు నాలుగు రోజుల ముందు బొంబాయి రైలెక్కాడు. భండారీ పని అతనికే దొరికిందని హుస్సేన్‌బీ ఒకరోజు కచేరీకి వచ్చి చెప్పి పోయింది. కూర్చోమంటే కూర్చోలేదు. "నీ కలం ఎట్లుంది?" అని మాత్రం అడిగింది. తగ్గిందన్నాను.

సుబ్బారాయుడు గారు నాకు మెమో ఇస్తారని వారం రోజులు ఎదురుచూశాను. ఇవ్వలేదు. మూడేళ్లు ఆయన కింద పనిచేశాను. ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే నేను ఎప్పుడో మరిచిపోయేవాణ్ని. ఆయన బదిలీపై వెళ్లే రోజు సికింద్రాబాద్ స్టేషన్‌కు వెళ్లాను. రైలు కదిలేటప్పుడు ఆయన కిటికీలోంచి, "జాగ్రత్తయ్యా" అన్నారు. అందరూ ఆ మాట ప్రయాణం చేసేవాళ్లకు చెబుతారు. ఆయన స్టేషన్‌లో ఉండిపోయేవాడికి చెప్పారు.

ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్లు నోట్లు రాశాను. ఓడకు ఒక జాతీయత తీసి ఇంకోటి పెట్టడానికి ఇద్దరు మనుషులకు ఒక పూట పట్టింది. ఓడకు నొప్పి లేదు. అదే పని ఒక మనిషికి నేను ఒక్క వాక్యంతో, చాయ్ చల్లారేలోగా చేశాను. అందుకని ఆ ఫైలు తర్వాత ఒక అలవాటు చేసుకున్నాను. ఎవరి గురించి రాయాలో వాళ్లను పిలిపించి, ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి, అడగాల్సినవన్నీ అడిగి, ఆపైనే కలం తెరిచేవాణ్ని. దానివల్ల నా బల్ల మీద ఫైళ్లు పేరుకున్నాయి. నా సర్వీసు రిజిస్టరులో 'అకారణ జాప్యం' అని రెండు మెమోలున్నాయి. పదవీ విరమణ రోజు కాగితాలు అప్పగిస్తూ కొత్త ఆఫీసరు, "మంచి సర్వీసు, ఈ రెండూ లేకపోతే బాగుండేది" అన్నాడు.

నాకు మెడల్స్ ఎవరూ ఇవ్వలేదు కాబట్టి, ఆ రెండూ జాగ్రత్తగా నకలు తీయించుకుని ఇంటికి తెచ్చుకున్నాను.